లెన్స్ లోపాలు సాఫ్ట్‌వేర్‌తో పోతాయా, గాజు మార్చాల్సిందేనా: మీ లెన్స్‌తోనే తేల్చుకోండి

ఫోటో మూలల్లో మెత్తగా వస్తోందనో, కొమ్మల అంచులకి ఊదారంగు అంటుకుందనో, తిన్నగా ఉండాల్సిన గోడ ఉబ్బినట్టుందనో అనిపించగానే కొత్త లెన్స్ వెతకడం మొదలుపెడతాం. కాస్త ఆగండి. వీటిలో కొన్ని రెండు క్లిక్కులతో పోతాయి, కొన్ని ఏ సాఫ్ట్‌వేర్ పెట్టినా పూర్తిగా పోవు. ఇబ్బంది ఏంటంటే స్క్రీన్ మీద రెండు రకాలూ ఒకేలా కనిపిస్తాయి.

ఏ లోపం కనపడినా నేను ముందు ఒకటే చూస్తాను. ఇక్కడ వెలుతురు చోటు తప్పిందా, లేక పక్క వెలుతురుతో కలిసిపోయిందా? చోటు తప్పితే ఎంత దూరం తప్పిందో కొలిచి సాఫ్ట్‌వేర్ దాన్ని మళ్లీ దాని చోట పెట్టగలదు, వివరం ఫైల్లోనే ఉంది కాబట్టి. కలిసిపోతే మాత్రం పాలల్లో కలిసిన నీళ్లని విడదీయమని అడిగినట్టే. ఈ తేడా పట్టుకుంటే మిగతాదంతా తేలిక.

ముందు లెన్స్ అసలు రూపం చూడండి

కెమెరా ఇచ్చే జేపెగ్‌ని చూసి లెన్స్ మంచిదో కాదో చెప్పలేం. ఇప్పుడొచ్చే మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాలు వంకరలు, మూలల చీకటి, రంగు అంచులు అన్నీ సరిచేసి మరీ చూపిస్తాయి, వ్యూఫైండర్‌లో కూడా. పాత డీఎస్‌ఎల్‌ఆర్‌లో (లోపలి అద్దం ద్వారా నేరుగా చూసే కెమెరా) లెన్స్ ఎలా చూస్తే మన కంటికి అలాగే కనపడేది కాబట్టి వంకరని గాజులోనే సరిచేయక తప్పేది కాదు. 2008లో మైక్రో ఫోర్ థర్డ్స్ అనే మిర్రర్‌లెస్ కెమెరాల పద్ధతి వచ్చినప్పుడు ఆ పని చాలావరకు సాఫ్ట్‌వేర్‌కి ఇచ్చేశారు. కరెక్షన్ లెక్కలు లెన్స్‌లోనే ఉంటాయి, అవి రా ఫైల్లోకి (సెన్సర్ ఇచ్చిన, ఇంకా ప్రాసెస్ చేయని డేటా) చేరతాయి, లైట్‌రూమ్ లాంటి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు ఆ ఫైల్ తెరవగానే మనల్ని అడక్కుండానే వాటిని అమలు చేస్తాయి. అందుకే పరీక్షకి రా ఫైల్ తీసి, రాథెరపీలో లెన్స్ ప్రొఫైల్ (ఆ లెన్స్ లోపాల కొలతలున్న ఫైల్) ఏదీ పెట్టకుండా గానీ, డార్క్‌టేబుల్‌లో లెన్స్ కరెక్షన్ మాడ్యూల్ ఆపేసి గానీ తెరవండి. రెండూ ఉచిత సాఫ్ట్‌వేర్లే.

ఇక పరీక్ష. చదునైన గోడకి న్యూస్‌పేపర్లు అతికించండి, మధ్యలోనే కాదు, నాలుగు మూలల్లోనూ అక్షరాలు ఉండేలా. కెమెరాని ట్రైపాడ్ మీద పెట్టండి. గోడకి సమాంతరంగా ఉందో లేదో కంటి అంచనాతో చెప్పలేం, దానికి చిన్న అద్దం చాలు: అద్దాన్ని గోడకి ఆనించి పెడితే లెన్స్ ప్రతిబింబం సరిగ్గా ఫ్రేమ్ మధ్యలో కనపడాలి. అలా కనపడేదాకా కెమెరాని జరపండి. లైవ్ వ్యూలో బాగా జూమ్ చేసి మధ్యలో ఫోకస్ పెట్టి, మాన్యువల్‌కి మార్చేసి, 2 సెకన్ల టైమర్‌తో, పూర్తిగా తెరిచిన అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు దూరే రంధ్రం, ఎఫ్ అంకె పెరిగితే అది చిన్నదవుతుంది) నుంచి ఎఫ్/11 దాకా ఒక్కో స్టాప్ (వెలుతురు సగానికి సగం) తగ్గిస్తూ తీయండి. జూమ్ లెన్స్ అయితే రెండు చివర్లా, మధ్యలో ఒకసారీ ఇదంతా మళ్లీ చేయాలి. అరగంట పని, కానీ నెలల తరబడి రివ్యూలు చదివినా మీ చేతిలో ఉన్న లెన్స్ గురించి ఇంత తెలియదు.

అపర్చర్ మార్చుకుంటూ తీయమన్నది ఊరికే కాదు. వంకర ఏ అపర్చర్‌లోనూ మారదు. మూలల్లో పెరిగే రంగు అంచు కూడా దాదాపు మారదు. చీకటి మూలలు, బొమ్మ మీద కప్పే మెరుపు పొర, మూలల్లో చుక్కలు రెక్కల్లా చెదిరే కోమా మాత్రం అపర్చర్ తగ్గించేకొద్దీ తగ్గుతాయి. అంటే సాఫ్ట్‌వేర్, కొత్త గాజు కాక మూడో మందు ఒకటి మీ దగ్గరే ఉంది, పైసా ఖర్చు లేకుండా.

వంకర గీతలు

వైడ్ (విశాలంగా చూపే) లెన్స్‌లో గీతలు బయటికి ఉబ్బితే బ్యారెల్, టెలీలో (దూరాన్ని దగ్గరగా చూపే లెన్స్) లోపలికి నొక్కుకుపోతే పిన్‌కుషన్, మధ్యలో ఉబ్బి అంచుల్లో మళ్లీ వెనక్కి తిరిగితే మీసం ఆకారం. చివరిదాన్ని ఒక్క స్లైడర్‌తో సరిచేయలేం, ఆ లెన్స్‌కి కొలిచి చేసిన ప్రొఫైల్ కావాలి. ఇది అచ్చంగా చోటు తప్పిన వెలుతురే కాబట్టి సాఫ్ట్‌వేర్ బాగా సరిచేస్తుంది, కానీ ఉచితంగా కాదు. బ్యారెల్‌ని సరిచేయడమంటే మూలల్ని బయటికి సాగదీయడం. అక్కడున్న కొద్ది పిక్సెళ్లని ఎక్కువ చోటుకి పరుస్తుంది కాబట్టి మూలలు మెత్తబడతాయి, అంచులు కొంత కత్తిరించుకుపోతాయి.

ఇది ఎంతదాకా వెళ్లిందో చూడాలంటే కెనన్ ఆర్‌ఎఫ్ 24-240 జూమ్ లెన్స్‌ని 24 ఎంఎం దగ్గర పెట్టి, కరెక్షన్ లేకుండా రా ఫైల్ తెరవండి. మూలలు నల్లగా ఉంటాయి. లెన్స్ వేసే బొమ్మ సెన్సర్ మూలలదాకా చేరనే చేరదు, సాగదీసినప్పుడు ఆ నలుపు ఫ్రేమ్ బయటికి పోతుంది. దీన్ని మోసం అనేవాళ్లున్నారు, నేను అనను. లెన్స్ డిజైన్ చేసేవాళ్లకి అన్ని లోపాల్నీ ఒకేసారి తగ్గించడం కుదరదు, ఒకటి నొక్కితే ఇంకోటి లేస్తుంది. వంకరని సాఫ్ట్‌వేర్‌కి వదిలేస్తే మిగిలిన స్వేచ్ఛని పదునుకో, బరువు తగ్గించడానికో వాడుకోవచ్చు. కాబట్టి కరెక్షన్ వాడారా లేదా అని కాదు, కరెక్షన్ అయ్యాక మూల ఎలా ఉందో చూడండి. కరెక్షన్ అక్కర్లేని లెన్స్ కంటే కరెక్షన్ చేసిన లెన్స్ మూలే పదునుగా ఉండటం జరగని పనేమీ కాదు.

ఇంకొక విషయం, దీన్ని చాలామంది పట్టించుకోరు. నేనొకసారి వైడ్ లెన్స్‌తో పెద్ద గ్రూప్ ఫోటో తీసి అలవాటు ప్రకారం ప్రొఫైల్ ఆన్ చేశాను, చివర్లో నిలబడ్డ ఇద్దరి మొహాలు అడ్డంగా సాగిపోయాయి. తప్పు ప్రొఫైల్‌ది కాదు. గీతల్ని తిన్నగా ఉంచే ఏ వైడ్ లెన్స్ అయినా అంచుల్లో ఉన్న గుండ్రటి వస్తువుల్ని సాగదీస్తుంది, బ్యారెల్ ఉన్నప్పుడు ఆ సాగు కొంత తగ్గి కనపడుతుంది. లైట్‌రూమ్‌లో డిస్టార్షన్ స్లైడర్ 100 దగ్గర మొదలవుతుంది, దాన్ని 40కో 50కో తగ్గించాక ఆ ఇద్దరూ మళ్లీ మనుషుల్లా కనపడ్డారు. అప్పట్నుంచి గదులు, భవనాలు, కాగితాల కాపీలకి 100 ఉంచుతాను, అంచుల్లో మనుషులుంటే తగ్గిస్తాను, అడవి, కొండలు, సముద్రపు అలలు లాంటివాటికి చాలాసార్లు వంకర జోలికే పోను. సముద్రం, ఆకాశం కలిసే గీత ఫ్రేమ్‌లో ఉంటే మాత్రం సరిచేయాల్సిందే.

చీకటి మూలలు

ఇది వెలుతురు చోటు తప్పడం కూడా కాదు, తక్కువగా చేరడం. సాఫ్ట్‌వేర్ ఆ తగ్గిందాన్ని గుణించి పెంచుతుంది. మూల మధ్య కంటే 2 స్టాప్‌లు చీకటిగా ఉంటే 4 రెట్లు పెంచాలి, వెలుతురుతో పాటు గ్రెయిన్ (చుక్కచుక్కల గరుకు) కూడా 4 రెట్లు పెరుగుతుంది. మీరు ఐఎస్‌ఓ (ఎక్కువైతే గ్రెయిన్ పెరిగే కెమెరా సెట్టింగ్) 1600లో తీస్తే మధ్య భాగం 1600లా ఉంటుంది, మూల మాత్రం సుమారు 6400లో తీసినట్టుంటుంది. 3 స్టాప్‌లైతే 8 రెట్లు. పట్టపగలు ఐఎస్‌ఓ 100లో ఇది పట్టించుకోవాల్సిన విషయమే కాదు. రాత్రి ఆకాశం తీసేవాళ్లకి మాత్రం చాలా పెద్ద విషయం, మూలల్లో ఉన్న సన్నటి నక్షత్రాలు గ్రెయిన్‌లో మునిగిపోతాయి. అలాంటి పనికి పెద్ద ముందు గాజు ఉన్న లెన్స్ మీద పెట్టిన డబ్బు వృథా కాదు.

పోర్ట్రెయిట్లలో నేను దీన్ని సరిచేయను, కొంచెం చీకటి మూలలు చూపుని మొహం వైపే లాగుతాయి. పనోరమా కుట్టేటప్పుడు మాత్రం ముందే సరిచేయకపోతే ఆకాశంలో చారలు పడతాయి. మీ లెన్స్‌కి ప్రొఫైల్ లేకపోతే, లెన్స్ ముందు పల్చటి తెల్లటి ప్లాస్టిక్ షీట్ పెట్టి, సమంగా వెలుతురు పడేచోట, అదే అపర్చర్‌లో ఒక ఫోటో తీసి పెట్టుకోండి. దీన్ని ఫ్లాట్ ఫీల్డ్ అంటారు, రాథెరపీలో నేరుగా వాడొచ్చు. వేరేవాళ్ల లెన్స్ మీద కొలిచిన ప్రొఫైల్ కంటే ఇదే నయం, మీ లెన్స్ మీద మీరే కొలిచింది కదా.

రెండు రకాల రంగు అంచులు

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే.

మొదటి రకం లాటరల్. ఎరుపు బొమ్మ, నీలం బొమ్మ ఒకదానికంటే ఒకటి వెంట్రుకవాసి పెద్దగా పడతాయి. ఫ్రేమ్ మధ్యలో అసలు ఉండదు, మూలల వైపు పెరుగుతుంది, ఒక స్తంభానికి ఒక పక్క ఎర్రగా, రెండో పక్క ఆకుపచ్చ నీలంగా కనపడుతుంది. ఇది చోటు తప్పడమే. సాఫ్ట్‌వేర్ ఒక్కో రంగు చానల్‌ని కాస్త పెద్దది, కాస్త చిన్నది చేసి ఒకదాని మీద ఒకటి కూర్చోబెడుతుంది, దాంతో మూల నిజంగానే పదునెక్కుతుంది. లైట్‌రూమ్‌లో రిమూవ్ క్రోమాటిక్ అబెరేషన్ టిక్ పెడితే అయిపోతుంది. దీని కోసం లెన్స్ మార్చకండి.

రెండో రకం యాక్సియల్, లాంగిట్యూడినల్ అని కూడా అంటారు. రంగులు వేర్వేరు లోతుల్లో ఫోకస్ అవుతాయి. ఇది ఫ్రేమ్ మధ్యలో కూడా ఉంటుంది, ఫోకస్‌కి ముందున్నవాటి అంచులు ఊదాగా, వెనకున్నవి ఆకుపచ్చగా మారతాయి, అపర్చర్ తగ్గిస్తే తగ్గుతుంది. ఒక స్కేల్‌ని ఏటవాలుగా పెట్టి మధ్య గీత మీద ఫోకస్ చేసి తీయండి, ముందు వెనక గీతల రంగు చూస్తే వెంటనే తెలిసిపోతుంది. ఇక్కడ ఒక రంగు మసకబారి పక్క వివరాల్లోకి కలిసిపోయింది కాబట్టి డీఫ్రింజ్ స్లైడర్ చేసేదల్లా ఆ అంచుల్లో ఊదారంగుని వెలిసిపోయేలా చేయడమే. రంగు పోతుంది, మసక ఉండిపోతుంది. పైగా నిజంగా ఊదాగా ఉన్న పువ్వులు, బట్టల అంచులు, నియాన్ లైట్లు కూడా వెలిసిపోతాయి, అందుకే దీన్ని మొత్తం ఫోటోకి కాకుండా బ్రష్‌తో కావాల్సిన చోట మాత్రమే వేయండి.

ఈ లోపంతో గాజు చేసేవాళ్లు చాలా కాలంగా కుస్తీ పడుతున్నారు. రెండు రకాల గాజు జతచేసి రెండు రంగుల్ని ఒకే చోట ఫోకస్ చేయించే అక్రోమాట్‌కి జాన్ డోలండ్ 1758లో పేటెంట్ తీసుకున్నాడు. మూడు రంగుల్ని కలిపే అపోక్రోమాట్‌ని ఎర్న్‌స్ట్ అబ్బె 1886లో మైక్రోస్కోపుల కోసం తెచ్చాడు, దానికి ఫ్లోరైట్ అనే ఖనిజం వాడాడు. ఇప్పటి టెలీ లెన్సుల్లో ఈడీ గాజు (రంగుల్ని తక్కువగా విడదీసే గాజు), ఫ్లోరైట్ కోసం మనం కట్టే డబ్బంతా దీనికే. పెద్ద అపర్చర్‌లో ఎక్కువగా తీసేవాళ్లకి ఆ డబ్బు న్యాయమైనదే.

మసక: హబుల్‌కి జరిగింది చూడండి

స్ఫెరికల్ అబెరేషన్ (అంచు నుంచి, మధ్య నుంచి వచ్చే వెలుతురు వేర్వేరు చోట్ల ఫోకస్ అవడం) ఉంటే అపర్చర్ పూర్తిగా తెరిచినప్పుడు పదునైన బొమ్మ మీద మెరుపు పొర కప్పినట్టుంటుంది. కోమా ఉంటే మూలల్లో నక్షత్రాలు రెక్కలు చాపిన పక్షుల్లా కనపడతాయి. షార్పెనింగ్ పెంచితే పోతాయా అని అందరూ అడుగుతారు. దీనికి నాకు తెలిసిన అన్నిటికంటే మంచి జవాబు హబుల్ టెలిస్కోప్.

1990లో దాన్ని పైకి పంపాక బొమ్మలు మసకగా వచ్చాయి. 2.4 మీటర్ల ప్రధాన అద్దాన్ని అంచు దగ్గర ఉండాల్సినదానికంటే 2.2 మైక్రాన్లు ఎక్కువ చదునుగా అరగదీశారు. వచ్చిన లోపం అచ్చంగా స్ఫెరికల్ అబెరేషన్. మరమ్మతు జరిగేలోపు శాస్త్రజ్ఞులు డీకన్వల్యూషన్ (మసక ఎలా పడిందో లెక్కగట్టి దాన్ని వెనక్కి తిప్పడం) వాడారు, ముఖ్యంగా 1972లో రిచర్డ్‌సన్, 1974లో లూసీ వేర్వేరుగా ప్రచురించిన పద్ధతి. లోపం ఎంతో కచ్చితంగా కొలిచి ఉంది కాబట్టి కాంతివంతమైన వస్తువుల బొమ్మలు చాలా బాగుపడ్డాయి కూడా. కానీ సన్నటి నక్షత్రాల దగ్గర పని జరగలేదు, ఎందుకంటే చెదిరిపోయిన వెలుతురు గ్రెయిన్‌లో మునిగిపోయాక ఏది నక్షత్రమో ఏది గ్రెయినో లెక్కకి తెలియదు. చివరికి 1993 డిసెంబర్‌లో వ్యోమగాములు వెళ్లి లోపాన్ని సరిచేసే అద్దాలున్న కోస్టార్‌ని, కరెక్షన్ లోపలే ఉన్న కొత్త కెమెరాని బిగించి వచ్చారు. ప్రపంచంలో అంత గొప్ప లెక్కలు చేసేవాళ్లు ఉండి కూడా ఆప్టిక్స్‌తోనే సరిచేయాల్సి వచ్చింది.

మన కెమెరాలోనూ ఇంతే. తక్కువ ఐఎస్‌ఓ, కొద్దిపాటి మసక అయితే రాథెరపీలో ఉన్న డీకన్వల్యూషన్ లాంటివి బాగా పనిచేస్తాయి, వాడండి. మసక ఎక్కువై, ఐఎస్‌ఓ పెరిగితే గ్రెయినే పదునెక్కుతుంది. ఈ మధ్య వచ్చిన ఏఐ షార్పెనింగ్ వివరాన్ని తిరిగి తీసుకురాదు, ఉండి ఉండొచ్చని ఊహించి గీస్తుంది. పక్షి ఈకలు అందంగా కనపడితే చాలనుకుంటే సరే. ఆ ఈకలు చూసి ఏ పక్షో గుర్తుపట్టాలంటే మాత్రం దాన్ని నమ్మొద్దు.

మూలలు మసకగా ఉన్నాయని తేల్చేముందు ఒక పని చేయండి, ఫోకస్‌ని మూలలోనే పెట్టి ఇంకో ఫోటో తీయండి. ఇప్పుడు మూల పదునుగా వచ్చి మధ్య మెత్తబడితే మీ లెన్స్ ఫోకస్ తలం చదునుగా లేదు, వంగి ఉందని అర్థం. దీనికి కొత్త లెన్స్ అక్కర్లేదు. ఫోకస్‌ని మధ్యకీ అంచుకీ మధ్యలో ఎక్కడైనా పెట్టి ఒక స్టాప్ తగ్గిస్తే చాలాసార్లు సరిపోతుంది.

అపర్చర్‌ని మరీ తగ్గించకండి. డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రం గుండా వెళ్తూ వెలుతురు విచ్చుకోవడం) వల్ల ఒక్కో చుక్క ఎఫ్/8 దగ్గర సుమారు 11 మైక్రాన్లు, ఎఫ్/16 దగ్గర 21 మైక్రాన్ల వెడల్పు అవుతుంది. 24 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్‌లో ఒక పిక్సెల్ దాదాపు 6 మైక్రాన్లే. ఇది కాంతి గుణం, ఎంత ఖరీదు లెన్స్ పెట్టినా మారదు.

ఎదురు వెలుతురు

పూత లేని గాజు, గాలి కలిసే ప్రతి ఉపరితలం దగ్గరా దాదాపు 4 శాతం వెలుతురు వెనక్కి తిరుగుతుంది. 10 గాజులు విడివిడిగా ఉంటే 20 ఉపరితలాలు, అవతలికి చేరేది 44 శాతమే, తిరిగిన దానిలో కొంత లోపల ఎగిరెగిరి సెన్సర్ మీద పొరలా పడుతుంది. 1935లో జైస్‌లో అలెగ్జాండర్ స్మకులా తెచ్చిన యాంటీ రిఫ్లెక్షన్ పూతలు లేకపోతే ఇన్ని గాజులున్న జూమ్ లెన్సులు ఇలా పనిచేసేవి కావు. డీహేజ్ స్లైడర్ ఆ పొరని పల్చగా చూపిస్తుంది గానీ కింద నలుపులో పోయిన వివరాన్ని తేలేదు. ముందు హుడ్ (లెన్స్ చుట్టూ నీడనిచ్చే తొడుగు) పెట్టండి, గాజు తుడవండి, నాసిరకం ఫిల్టర్ ఉంటే తీసేసి చూడండి. వీటితోనే చాలావరకు తగ్గుతుంది.

ఒకే పక్క మసక

నాలుగు మూలల్ని పక్కపక్కన పెట్టి పోల్చండి. మూడు బాగుండి ఒకటి మాత్రం మెత్తగా ఉంటే లోపల ఏదో గాజు పక్కకి జరిగి గానీ వాలి గానీ ఉంది. కెమెరాని తలకిందులు చేసి మళ్లీ తీయండి, మసక ఫ్రేమ్‌లో అదే మూలలో ఉంటే లోపం లెన్స్‌ది, గోడ మీద అదే చోట ఉండిపోతే కెమెరా సమాంతరంగా లేదు. మామూలు ప్రొఫైళ్లు లెన్స్ మధ్య నుంచి అన్ని వైపులా ఒకేలా ఉందనే లెక్కతో తయారవుతాయి కాబట్టి ఈ లోపాన్ని పట్టుకోలేవు. దీనికి రిపేరో, అదే లెన్స్ వేరే కాపీనో తప్ప దారి లేదు.

సరిచేసే వరస

రా ఫైల్ తెరిచాక ముందు గ్రెయిన్ తగ్గించడం, లాటరల్ రంగు, ఆ తర్వాత ప్రొఫైల్‌తో వంకర, మూలల చీకటి, తర్వాత భవనాల వాలు, ఆఖర్న క్రాప్, షార్పెనింగ్. రంగు అంచులు ఉండగా షార్పెన్ చేస్తే ఆ అంచులే పదునెక్కుతాయి. పాత మాన్యువల్ లెన్స్ అయితే ఫైల్లో దాని పేరు ఉండదు, ప్రొఫైల్ మీరే చేత్తో ఎంచుకోవాలి. లైట్‌రూమ్‌లో లేకపోతే లెన్స్‌ఫన్ అనే లెన్స్ ప్రొఫైళ్ల జాబితాలో చూడండి, డార్క్‌టేబుల్, రాథెరపీ రెండూ దాన్నే వాడతాయి.

కొనాలా వద్దా అన్నది ఇప్పుడు మీ గోడ ఫోటోలే చెబుతాయి. కనపడేది వంకర, లాటరల్ రంగు, పగటి వెలుతురులో చీకటి మూలలు అయితే డబ్బు దాచుకోండి. ఎఫ్/5.6 దగ్గర మసక పోయి, మీరు తీసేవన్నీ ఎఫ్/5.6, ఎఫ్/8 లోనే అయితే అప్పుడూ అంతే. పెద్ద అపర్చర్‌లో మెరుపు పొర, యాక్సియల్ రంగు, కోమా, ఎదురు వెలుతురులో పొర, ఇవి మీరు రోజూ తీసే ఫోటోల్లోనే అడ్డొస్తుంటే మంచి గాజు కొనండి, సందేహపడొద్దు. కొత్తది రాగానే అదే గోడ, అదే దూరం, అవే అపర్చర్లతో తీసి పాత ఫైళ్ల పక్కన పెట్టి చూడండి, నాలుగు మూలలూ విడివిడిగా, రిటర్న్ గడువు ఇంకా ఉండగానే.